ప్రజారోగ్యం చదివినవారికి జిల్లాలో చోటెక్కడ?

2009 మే నెలలో ముషీరాబాద్ దగ్గరి భోలక్‌పూర్‌లో నల్లా నీళ్లలో మురుగు కలిసింది. ఆ నీళ్లు తాగినవాళ్లకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. పరీక్షల్లో కలరా అని తేలింది. పలువురు చనిపోయారు. భోలక్‌పూర్ నుంచి గాంధీ ఆస్పత్రికి నడిచి వెళ్లవచ్చు. మంచం మీద ఉన్న రోగికి ఏం చెయ్యాలో అక్కడి డాక్టర్లకు బాగా తెలుసు. అయితే ఆ పూట అడగవలసిన ప్రశ్నలు ఇంకా కొన్ని ఉంటాయి. జబ్బుపడ్డవాళ్ల ఇళ్లు ఏ గల్లీలో ఉన్నాయి? ఆ గల్లీకి నీళ్లు ఏ పైపు నుంచి వస్తాయి? పక్క గల్లీలో ఎవరికీ ఏమీ కాకపోవడానికి కారణమేమిటి? మొదటి మనిషి ఏ రోజు పడిపోయాడు? నీళ్లు కంపు కొడుతున్నాయని అంతకుముందే ఎవరైనా ఫిర్యాదు చేశారా, చేస్తే ఆ కాగితం ఎవరి బల్ల మీద ఆగింది?

ఈ ప్రశ్నలను వరసగా అడగడం, జవాబులను లెక్కగట్టడం, ఆ లెక్కతో అధికారిని కదిలించడం పీజీ స్థాయిలో నేర్పే చదువే ప్రజారోగ్యం. ఆ చదువుకు సికింద్రాబాద్, హైదరాబాద్ జంటనగరాలు దేశంలోనే మంచి చోటు. ఆ మాట మొహమాటం లేకుండా చెప్పవచ్చు. బాధంతా ఆ తరవాతి సంగతి గురించే. చదువు పెరిగింది, చదివేవాళ్లు పెరిగారు, వాళ్ల కోసం జిల్లాలో, మున్సిపాలిటీలో ఎదురుచూసే పోస్టు మాత్రం పెరగలేదు. ఈ రెండు సంగతులనూ కలిపి చూడకపోతే ఏ కోర్సు మంచిదన్న చర్చ గాలిలోనే ఉండిపోతుంది.

ముందు ఈ చదువు ఎక్కడ దొరుకుతుందో చూద్దాం. ఎంబీబీఎస్ చదివినవాళ్లకు దారి నీట్ పీజీ. గాంధీ మెడికల్ కాలేజీలోనూ, ఉస్మానియాలోనూ కమ్యూనిటీ మెడిసిన్‌లో మూడేళ్ల ఎండీ ఉంది. పాతతరం డాక్టర్లు దీన్ని ఇప్పటికీ ఎస్‌పీఎం (సోషల్ అండ్ ప్రివెంటివ్ మెడిసిన్) అనే పిలుస్తారు. గాంధీ కాలేజీ 1954లో పుట్టి, చాలాకాలం బషీర్‌బాగ్‌లో నడిచి, 2003లో ముషీరాబాద్‌కు వచ్చింది. ఎంబీబీఎస్ లేనివాళ్లకు దారి ఎంపీహెచ్, అంటే రెండేళ్ల మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్. దంతవైద్యులు, ఆయుర్వేద, హోమియో డాక్టర్లు, నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ చదివినవాళ్లు, జీవశాస్త్రం లేదా సోషల్ వర్క్ చదివినవాళ్లు ఇందులో చేరవచ్చు. గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఈ కోర్సు ఉంది. 2006లో మొదలైన పబ్లిక్ హెల్త్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియా 2008లో ఇక్కడ ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్‌ను తెరిచింది. ఆ ఫౌండేషన్ తొలి అధ్యక్షుడు డాక్టర్ కె. శ్రీనాథ్‌రెడ్డి ఉస్మానియా మెడికల్ కాలేజీలో చదివిన హృద్రోగ నిపుణుడు. సర్కారు డాక్టర్లను ఏడాదిపాటు కూర్చోబెట్టి ప్రజారోగ్య నిర్వహణ నేర్పే పీజీ డిప్లొమాతో ఆ సంస్థ ఇక్కడ పేరు తెచ్చుకుంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో అప్లయిడ్ న్యూట్రిషన్‌లో ఎంఎస్సీ ఉంది. పోషణ మీద మనసున్న విద్యార్థికి అంతకు మించిన చోటు నాకు తెలియదు.

ఆ తార్నాక సంస్థ దగ్గర కాసేపు ఆగాలి. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి మీద మొదలుపెట్టిన చిన్న పరిశోధనశాల అది. 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. ఇక్కడికి వచ్చాక దాని పని దక్కన్ పళ్లెంలోకి చూడటం. జొన్న తినే పేదల్లో పెలాగ్రా అనే పోషకాహార లోప జబ్బు ఎందుకు వస్తోందని సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య ఆరా తీశారు. జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండటమే కారణం కావచ్చని 1960లో ప్రతిపాదించారు. నల్లగొండ ప్రాంతంలో ఎదిగే వయసు పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోతుంటే, ఫ్లోరైడ్‌కూ ఆ వంకరకూ ఉన్న సంబంధాన్ని కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమల కృష్ణస్వామి 1973లో ప్రపంచం ముందు పెట్టారు. 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ చుట్టుపక్కల 29 పల్లెల్లో ఒక పరిశీలన జరిగింది. వాటిలో 15 ఊళ్లలో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు అంగన్‌వాడీ ద్వారా అదనపు ఆహారం అందింది. మిగతా 14 ఊళ్లలో ఆ పథకం ఇంకా మొదలవలేదు. పదిహేనేళ్ల తరవాత మళ్లీ వెళ్లి కొలిచినప్పుడు, ఆ ఆహారం అందిన పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తున్నారు. షుగర్ వ్యాధికి దారితీసే ఇన్సులిన్ లక్షణాలు కూడా వాళ్లలో కొంత మెరుగ్గా కనిపించాయి. తల్లి కడుపులో ఉన్నప్పుడు దొరికిన గుప్పెడు ఆహారం యవ్వనంలో నెత్తురులో కనిపించిందన్నమాట. ఒక విద్యార్థికి దీర్ఘకాల అధ్యయనం అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం అమెరికా నుంచి తెచ్చుకోనక్కరలేదు.

కళ్ల మీద అలాంటిదే ఇంకొకటి ఉంది. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996 నుంచి 2000 దాకా హైదరాబాద్‌లోనూ, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లోనూ 10,293 మందిని పరీక్షించింది. అంధత్వం ఎంతమందికి ఉంది, అందులో ఎంత నివారించగలిగినది అన్న లెక్క అప్పుడే గట్టిపడింది.

ఇప్పుడు బేగంపేట. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ పొట్ట కోసి మలేరియా క్రిమిని చూసింది ఇక్కడే. ఆ భవనం ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతిలో ఉంది. ఏటా ఆ రోజున దండలు వేస్తాం. 1902లో ఆయనకు నోబెల్ వచ్చిందని పిల్లలకు చెబుతాం. ప్రజారోగ్యం చదివేవాళ్లు ఆ కథలో ఇంకో రెండు సంగతులు పట్టుకోవాలని నా కోరిక. మొదటిది, హుసేన్ ఖాన్. ఆయన మలేరియా రోగి. తన ఒంటి మీద దోమలను కుట్టనిచ్చినందుకు దోమకు ఒక అణా చొప్పున పుచ్చుకున్నాడు. ఆ డబ్బు ఇచ్చి పొందిన ఒప్పుకోలు నిజమైన ఒప్పుకోలేనా? బీదవాడికి డబ్బు ఆశ చూపితే అతను కాదనగలడా? నేటి ఎథిక్స్ కమిటీ అడిగే మొదటి ప్రశ్న అదే. పరిశోధనా నీతి పాఠం మన దగ్గర హుసేన్ ఖాన్ పేరుతో మొదలవ్వాలి. రెండోది, రాస్ మైక్రోస్కోపు దగ్గరే ఆగిపోలేదు. 1908లో మారిషస్ మలేరియా మీద రాసిన నివేదికలోనూ, ఆ తరవాతి పుస్తకంలోనూ దోమలకూ జ్వరానికీ ఉన్న సంబంధాన్ని గణితంగా రాశాడు. దోమలన్నిటినీ చంపనక్కరలేదని, ఒక హద్దుకు దిగువకు తగ్గిస్తే చాలని, అప్పుడు జబ్బు దానంతటదే సన్నగిల్లుతుందని చూపాడు. కరోనా రోజుల్లో టీవీలు రోజూ వల్లించిన ఆర్ సంఖ్యకు మూలం ఆ ఆలోచనలోనే ఉంది. ఎపిడెమియాలజీ, బయోస్టాటిస్టిక్స్ అన్న రెండు సబ్జెక్టులంటే విద్యార్థులు బెదురుతారు. ఆ రెండూ కలిసిన చోట రాస్ నిలబడి ఉన్నాడని చెబితే ఆ బెదురు కొంతైనా తగ్గుతుంది.

కరోనా ఈ చదువుకు పెద్ద పరీక్ష పెట్టింది. ఐసీఎంఆర్ దేశవ్యాప్త సర్వేలో తెలంగాణ నుంచి జనగామ, కామారెడ్డి, నల్లగొండ జిల్లాలున్నాయి. ఇక్కడ ఆ పని నడిపింది తార్నాక సంస్థే. మొదటి విడతలో జిల్లాకు పది చోట్లు ఎంచి, ఒక్కో చోట 40 మంది నుంచి నెత్తురు తీసుకున్నారు. వైరస్ సోకిన ఆనవాలు 2020 మేలో 0.33 శాతం మందిలో ఉంది. అది ఆగస్టులో 12.5 శాతానికి, డిసెంబరులో 24.1 శాతానికి చేరింది. 2021 జూన్ నాటికి 60.1 శాతమైంది. హబ్సిగూడలోని సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు 2020 ఆగస్టులో నగరం మురుగునీళ్లు పరీక్షించి, 6.6 లక్షల మందికి సోకి ఉండవచ్చని అంచనా కట్టారు. అప్పటి అధికారిక సంఖ్యకు అది ఎన్నో రెట్లు. ఆస్పత్రికి వచ్చినవాళ్లను లెక్కపెట్టడం వేరు, ఊరిని లెక్కపెట్టడం వేరు. ఎంపీహెచ్ రెండేళ్లలో ఈ తేడా ఒక్కటి ఒంటికి పట్టినా ఆ చదువు వృథా కాదంటాను.

2020 డిసెంబరులోనే ఏలూరులో వందల మంది ఒక్కసారిగా మూర్ఛవచ్చి పడిపోయారు. ఎయిమ్స్ పరీక్షల్లో నెత్తురులో సీసం, నికెల్ కనిపించాయి. తార్నాక నుంచి వెళ్లిన బృందం కూరగాయల్లో, నెత్తురులో పురుగుమందుల అవశేషాలు చూసింది. శ్రీకాకుళం ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఎన్నో ఏళ్లుగా కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం ఊళ్లను తినేస్తోంది. మూలకారణం మీద పరిశోధకుల మధ్య ఇంకా ఏకాభిప్రాయం లేదు. ఈ రెండు సంగతులూ కలిపి చూస్తే ఈ చదువులోని కష్టం అర్థమవుతుంది. జవాబు దొరకడానికి ల్యాబ్ ఒక్కటే చాలదు. ఊళ్లో ఏళ్ల తరబడి ఉండి, నీళ్లు, పొలం, కూలిపని, తిండి అన్నీ రాసుకునే మనిషి కావాలి.

మరి తరగతి గదిలో ఏం జరుగుతోంది? ఎంపీహెచ్ పాఠాలు దాదాపు అన్నిచోట్లా ఒకే తీరులో ఉంటాయి. ఎపిడెమియాలజీ, గణాంకాలు, ఆరోగ్య విధానం, ఆరోగ్య అర్థశాస్త్రం, పర్యావరణం, సామాజిక శాస్త్రాలు, నిర్వహణ చదివాక ఒక ఇంటర్న్‌షిప్, ఒక డిసర్టేషన్. ఎండీ తీరు వేరు. మూడేళ్లలో థీసిస్‌తో పాటు ఎంబీబీఎస్ పిల్లలకు పాఠాలు చెప్పడం, కాలేజీ దత్తత తీసుకున్న అర్బన్, రూరల్ ఆరోగ్య కేంద్రాల్లో పనిచెయ్యడం ఉంటాయి. ఎండీ విద్యార్థికి బస్తీ, పల్లె, రోగి అన్నీ దొరుకుతాయి. విధానం, ఖర్చు, చట్టం గురించి లోతుగా చదివే తీరిక దొరకదు. ఎంపీహెచ్ విద్యార్థికి ఆ చదువంతా దొరుకుతుంది, తనదని చెప్పుకునే బస్తీ దొరకదు. ఒకే నగరంలో ఉంటూ ఈ ఇద్దరూ ఒకే గదిలో కూర్చోవడం అరుదు. ఈ విద్యలోని అతిపెద్ద లోపం ఇదేనని నేననుకుంటున్నాను.

ఈ చీలిక ఇవాళ్టిది కాదు. 1915లో అమెరికాలో వెల్చ్, రోజ్ రాసిన నివేదిక ప్రజారోగ్యానికి వైద్య కళాశాలతో సంబంధం ఉంటూనే విడిగా నిలిచే బడి కావాలంది. ఆ తలంపుతోనే జాన్స్ హాప్కిన్స్‌లో బడి వెలిసింది. మన దేశంలో 1932లో కలకత్తాలో ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హైజీన్ అండ్ పబ్లిక్ హెల్త్ రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సాయంతో లేచింది. 1946లో భోర్ కమిటీ ఇంకో దారి చూపింది. ప్రతి డాక్టరూ సామాజిక వైద్యుడు కావాలని, అందుకు ప్రతి మెడికల్ కాలేజీలో నివారణ వైద్యం నేర్పాలని చెప్పింది. ఆశయం గొప్పది. ఫలితం మాత్రం ప్రజారోగ్యం మెడికల్ కాలేజీ లోపల ఒక డిపార్ట్‌మెంటుగా మిగలడం. డాక్టర్లు కానివారికి తలుపు తీసిన కొత్తతరం ఎంపీహెచ్ 1997లో తిరువనంతపురం అచ్యుత మీనన్ సెంటర్‌తో గానీ రాలేదు.

ఎండీ కమ్యూనిటీ మెడిసిన్‌ను కోరి తీసుకునేవాళ్లు తక్కువ. రేడియాలజీ, జనరల్ మెడిసిన్, స్కిన్ అయిపోయాక చివరి రౌండ్లలో మిగిలేవాటిలో ఇదొకటి. 2023లో నీట్ పీజీ అర్హత పర్సంటైల్‌ను సున్నాకు దించినా ఇలాంటి బ్రాంచిల మీద విద్యార్థుల మనసు మారలేదు. తప్పు విద్యార్థులదని నేననను. ఇంట్లో అడుగుతారు, ప్రాక్టీసు పెట్టుకోవచ్చా అని. పెళ్లి సంబంధం మాట్లాడేవాళ్లు కూడా అదే అడుగుతారు. ఒక్క మేలు మాత్రం జరిగింది. తెలంగాణలో జిల్లాకో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చాక ప్రతి కాలేజీకీ ఈ విభాగంలో అధ్యాపకులు కావాలి, వాళ్లు ఎండీ అయి ఉండాలి. అంటే ఎండీకి ఉద్యోగం ఉంది. అది పాఠం చెప్పే ఉద్యోగం, కలరా వచ్చిన గల్లీలో నిర్ణయం తీసుకునే ఉద్యోగం కాదు.

ఎంపీహెచ్ వాళ్ల సంగతి ఇంకా సన్నగా ఉంది. నేషనల్ హెల్త్ మిషన్‌లో జిల్లా స్థాయి కాంట్రాక్టు, వ్యాధి నిఘా కార్యక్రమంలో ఎపిడెమియాలజిస్టు, డేటా మేనేజరు కొలువులు, పరిశోధనా ప్రాజెక్టులు, స్వచ్ఛంద సంస్థలు, ఫార్మా కంపెనీలు. ప్రాజెక్టు నిధులున్నంత కాలమే జీతం. కుష్ఠు, క్షయ మీద పనిచేసే లెప్రా వంటి సంస్థలు సికింద్రాబాద్‌లోనే ఉండటం వల్ల ఈ చుట్టుపక్కల కొంత ఊతం దొరుకుతుంది. బీడీఎస్ చదివి క్లినిక్ పెట్టుకునే స్తోమత లేక, ఉద్యోగమూ దొరక్క, ఎంపీహెచ్ కోసం అమెరికా, బ్రిటన్ వెళ్లే తెలుగు పిల్లలను చాలా ఇళ్లలో చూస్తున్నాం. ఎపిడెమియాలజీ, బయోస్టాటిస్టిక్స్ తీసుకున్నవాళ్లు అక్కడ డేటా ఉద్యోగాల్లో స్థిరపడుతున్నారు. వాళ్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. వాళ్లు అక్కడి కౌంటీ ఆరోగ్య శాఖలో కూర్చుని చేసే పనికి ఇక్కడ కుర్చీ వెయ్యలేదు, అంతే.

కుర్చీ వెయ్యడం సాధ్యమేనని ఇంకో దక్షిణాది రాష్ట్రం చూపిస్తోంది. తమిళనాడులో ప్రజారోగ్యానికి విడి కేడర్ ఉంది. ఆ కొలువుల్లో పైకి వెళ్లాలంటే ప్రజారోగ్యంలో పీజీ అర్హత సంపాదించుకోవాలి. 1939 నాటి మద్రాసు ప్రజారోగ్య చట్టం ఆ వ్యవస్థకు దన్ను. కోస్తా, రాయలసీమ అప్పట్లో ఆ రాష్ట్రంలోనివే కాబట్టి అదే చట్టం ఆంధ్ర ప్రాంతానికీ వారసత్వంగా వచ్చింది. చట్టం వచ్చింది గానీ కేడర్ బలపడలేదు. మన జిల్లా వైద్యాధికారుల్లో ఎక్కువమంది సీనియారిటీతో ఆ స్థానానికి వచ్చిన మంచి డాక్టర్లు. ప్రజారోగ్యం వాళ్లు ఉద్యోగంలో చేరాక దెబ్బలు తింటూ నేర్చుకున్నారు. 2017 జాతీయ ఆరోగ్య విధానం ప్రతి రాష్ట్రంలో ప్రజారోగ్య నిర్వహణ కేడర్ ఉండాలంది. 2022లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ కేడర్‌లో డాక్టర్లతో పాటు ఇతర చదువులవాళ్లకూ చోటుండాలన్నది అందులోని మంచి మాట. ఆరోగ్యం రాష్ట్రాల పని కనుక నిర్ణయం హైదరాబాద్‌లోనూ, అమరావతిలోనూ జరగాలి.

2018 నుంచి హైదరాబాద్‌లో బస్తీ దవాఖానాలు వచ్చాయి. పేదవాడికి ఇంటి పక్కనే డాక్టరు దొరకడం నిజంగా మేలు. కానీ ఆ దవాఖానాల్లో రోజూ రాసే ఓపీ రిజిస్టరును వారం వారం కూర్చుని చూసి, ఫలానా బస్తీలో విరేచనాలు పెరుగుతున్నాయి, నీళ్లు పరీక్షించండి అని జలమండలికి కబురు పంపే మనిషి ఎవరు? ఎంపీహెచ్ చదివిన ఒక అమ్మాయికో అబ్బాయికో సర్కిల్‌కు ఒకరు చొప్పున పోస్టు ఇస్తే, ఆ పనికి కొత్త భవనం అక్కరలేదు, కొత్త యంత్రం అక్కరలేదు. సికింద్రాబాద్‌కు ఇది మరీ అవసరం. కంటోన్మెంట్ బోర్డు ఒకటి, నగర కార్పొరేషన్ ఒకటి. రోడ్డుకు ఇటు ఒకరు దోమల మందు కొడితే అటు ఇంకొకరు కొట్టాలి. డెంగీ దోమకు ఆ హద్దు తెలియదు. కంటోన్మెంట్‌లోని పౌర ప్రాంతాలను నగరంలో కలిపే ప్రతిపాదన నడుస్తోంది కాబట్టి, ఉమ్మడి ఆరోగ్య లెక్క ఎవరు రాయాలన్నది ఇప్పుడే తేల్చుకోవాలి.

చేరబోయే విద్యార్థులకు ఒకటి చెప్పాలి. ప్రాస్పెక్టస్‌లో భవనం ఫోటో చూసి ఫీజు కట్టకండి. ఆ సంస్థకు తనదైన ఫీల్డ్ ఏరియా ఉందా, విద్యార్థులు అందులో ఎన్ని నెలలు గడుపుతారు అని అడగండి. గణాంకాలు చెప్పేవాళ్లు సాఫ్ట్‌వేర్ బటన్లు చూపిస్తారా, కాగితం మీద లెక్క చేయిస్తారా అని పై తరగతివాళ్లను కనుక్కోండి. గత రెండు బ్యాచిలవాళ్లు ఇప్పుడు ఎక్కడ, ఎంత జీతానికి పనిచేస్తున్నారో పేర్లతో సహా చెప్పమనండి. తెలుగులో, ఇక్కడి బస్తీల్లోనైతే ఉర్దూలో కూడా, ప్రశ్నావళి తయారు చేయడం నేర్పుతారో లేదో చూడండి. ఇంగ్లీషులో రాసుకున్న ప్రశ్నను అప్పటికప్పుడు అనువదించి అడిగితే వచ్చే జవాబుకు విలువ ఉండదు. ఉస్మానియా ఒకప్పుడు వైద్యవిద్యనే ఉర్దూలో చెప్పింది. ప్రశ్నావళినైనా జనం భాషలో రాయడం మన బడులకు అసాధ్యం కాదు.

సంస్థలు చెయ్యగలిగింది కూడా ఒకటుంది, దానికి ప్రభుత్వ ఉత్తర్వు కోసం ఆగనక్కరలేదు. ఎండీ విద్యార్థులు, ఎంపీహెచ్ విద్యార్థులు, తార్నాకలో పోషణ చదివేవాళ్లు ఏడాదికి ఒక సెమిస్టరు ఒకే బస్తీలో కలిసి పనిచెయ్యాలి. నీళ్లు, పిల్లల బరువు, జ్వరాలు, బీపీ, షుగర్ ఒకే రిజిస్టరులో రాయాలి. ఏటా ఈ జంటనగరాల్లో ఎన్నో థీసిసులు, డిసర్టేషన్లు తయారవుతాయి. వైవా అయ్యాక అవి లైబ్రరీ బీరువాలోకి వెళతాయి. వాటిలోని ప్రతి నగర సర్వేకూ రెండు పేజీల తెలుగు సారాంశం రాసి వార్డు కార్యాలయానికి, కంటోన్మెంట్ ఆరోగ్య విభాగానికి, జలమండలికి అందజెయ్యడాన్ని మార్కుల్లో భాగం చెయ్యాలి. ఆ సారాంశం అందుకున్న అధికారి నెలలోపు ఒక్క వాక్యమైనా జవాబు రాయాలి.